నిలబడి పాడైన ఫియట్: ఇంటి దగ్గరే పాత కారును తిరిగి నడిపించడం
(పాత వాహనాల మీద ఆసక్తి ఉన్నవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక నిలబడి ఉన్న ఆటోనగర్ మిత్రులకు ప్రత్యేకంగా నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. చెప్పాల్సింది చాలానే ఉంది.

పాత కారు అనగానే చాలామందికి చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న నిజాంగారి రోల్స్ రాయిస్ గుర్తొస్తుంది. అలాంటి వాటిని చూసుకోవడానికి నిపుణులున్నారు, వసతులున్నాయి. నేను మాట్లాడేది మీ ఊళ్లో వేపచెట్టు కిందో, మేనమామగారి పాత ఇంటి వెనక రేకుల షెడ్డులోనో, టైర్లలో గాలి పోయి, మీద కప్పిన పట్టా చిరిగిపోయి ఉన్న కారు గురించి. ఇంకా సూటిగా చెప్పాలంటే ప్రీమియర్ పద్మిని గురించి. మనవాళ్లు దాన్ని ఫియట్ అనే అంటారు. నేనూ అలాగే అంటాను.

పిల్లలున్నారు కాబట్టి కాస్త చరిత్ర. వాల్‌చంద్ హీరాచంద్ అనే పారిశ్రామికవేత్త 1944లో మొదలుపెట్టిన ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థ, ముంబైలోని కుర్లా ఫ్యాక్టరీలో ఇటలీ ఫియట్ కంపెనీ లైసెన్సుతో కార్లు చేసేది. 1964లో ఫియట్ 1100 డి మోడల్ మన దగ్గర మొదలైంది. దాన్ని డిలైట్ అన్నారు. 1972లో ప్రీమియర్ ప్రెసిడెంట్ అన్నారు. 1974 నుంచి పద్మిని అయింది. పేరు మారినా లోపల బండి దాదాపు అదే. 1089 సీసీ పెట్రోల్ ఇంజన్, నాలుగు సిలిండర్లు, స్టీరింగ్ పక్కన హ్యాండ్ గేరు, నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులు, వెనక కమాన్ కట్టలు (కుదుపును ఆపే స్ప్రింగు పట్టీలు). ఆ రోజుల్లో మన దేశంలో మామూలు కుటుంబం కొనగలిగిన కార్లు ప్రధానంగా మూడే: అంబాసిడర్, ఫియట్, మద్రాసులో తయారైన స్టాండర్డ్. డబ్బు కట్టి ఏళ్ల తరబడి ఎదురుచూసి తెచ్చుకునేవాళ్లు. అందుకే అది పాడైపోయినా అమ్మడానికి చేతులు రాక చాలా ఇళ్లలో అలా ఉండిపోయింది.

ఈ రోజు నేను చెప్పదలచుకున్న అసలు మాట ఒకటే. నడిచి అరిగిన కారు వేరు, నిలబడి పాడైన కారు వేరు. నడిచిన కారులో బేరింగులు, పిస్టన్ రింగులు, క్లచ్ ప్లేటు, గేరు పళ్లు అరుగుతాయి. నిలబడిన కారులో అవన్నీ బాగానే ఉండొచ్చు. దాన్ని తినేవి నీళ్లు, గాలి, ఎలుకలు, ఆరిపోయిన పెట్రోలు, గట్టిపడిన రబ్బరు. మామూలు గ్యారేజీలో రోజూ వచ్చే కార్లు అరిగిన కార్లు. కాబట్టి అక్కడికి తీసుకెళ్తే అలవాటు ప్రకారం ముందు ఇంజన్ దించుదామంటారు. ఇంటి దగ్గర పని మొదలుపెట్టేవాళ్లేమో ముందు రంగు గురించి ఆలోచిస్తారు. రెండూ తప్పు వరసే. నిలబడటం వల్ల ఏమేం చెడుతుందో తెలిస్తే పని వరస దానంతటదే తేలుతుంది.

మొట్టమొదట అడగాల్సింది, ఈ కారు ఇన్నాళ్లూ ఎక్కడ నిలబడింది అని. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు సముద్రపు గాలి తగిలిన కారుకు పైన రంగు మెరుస్తున్నా కింద రేకు పొరలు పొరలుగా లేస్తుంది. అదే అనంతపురంలోనో కర్నూలులోనో నిలబడిన కారును చూడండి. రంగు ఎండకు సున్నంలా తెల్లబడి ఉంటుంది, డాష్‌బోర్డు పగిలి ఉంటుంది, కిటికీల రబ్బర్లు ముట్టుకుంటే పొడిగా రాలతాయి, కానీ రేకు గట్టిగా ఉంటుంది. నన్నడిగితే ఎప్పుడూ రెండోదే తీసుకోమంటాను. రబ్బరు కొనుక్కోవచ్చు, రంగు వేయించుకోవచ్చు. కుళ్లిన బాడీని నిలబెట్టడం ఇంటి దగ్గర అయ్యే పని కాదు. ఎందుకంటే ఫియట్‌కు లారీలా విడిగా ఛాసిస్, అంటే అడుగున ఇనప చట్రం, ఉండదు. బాడీయే ఛాసిస్. తలుపుల కింద రన్నింగ్ బోర్డు లోపలి రేకు, ఫ్లోరు, వెనక కమాన్ కట్టలు బిగించే చోటు, ఈ మూడూ కారు బరువును మోస్తాయి. అవి పోతే కారు మధ్యలో కుంగుతుంది. తలుపు తెరిచి మూసి చూడండి. వేసేటప్పుడు పైకెత్తి వేయాల్సి వస్తోందంటే, తలుపు సందు కింద ఒకలా పైన ఒకలా ఉందంటే అనుమానించండి. మడతబందులు అరిగినా అలా అవుతుంది కాబట్టి, తలుపును చేత్తో ఎత్తి ఊపి ఆ తేడా కూడా పట్టుకోవాలి.

చూడటానికి వెళ్లేటప్పుడు జేబులో ఒక చిన్న అయస్కాంతం, దాని మీద కప్పడానికి పల్చటి గుడ్డ తీసుకెళ్లండి. బాడీ మీద మెల్లగా జరుపుకుంటూ పొండి. రేకున్న చోట అతుక్కుంటుంది. లప్పం మందంగా పెట్టి పైన రంగు కొట్టిన చోట జారిపోతుంది. హెడ్‌లైట్ల చుట్టూ, చక్రాల అర్ధచంద్రాల అంచుల్లో, తలుపుల కింది అంచుల్లో, డిక్కీలో స్టెప్నీ పెట్టే చోట తప్పకుండా చూడండి. కారు లోపల చాపలు తీసేసి ఫ్లోరును స్క్రూ డ్రైవర్ పిడితో తట్టండి. గట్టి రేకు మోగుతుంది, కుళ్లిన రేకు మూగగా ఉంటుంది.

రెండో సంగతి కాగితాలు. ఇది విసుగు పుట్టించే భాగం, కానీ పానా పట్టుకోకముందే తేల్చుకోవాలి. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు కారు మీద ఉన్నవాటితో కలుస్తున్నాయా, ఎవరి పేరున ఉంది, ఆయన లేకపోతే వారసుల సంతకాలు వస్తాయా, బ్యాంకు అప్పు ఎంట్రీ ఇంకా అలాగే ఉందా, గ్యాస్ కిట్ పెట్టించి ఉంటే అది ఆర్‌సీలో ఎక్కిందా. మామూలు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఆ ఫీజు ఒకప్పుడు 600 రూపాయలు. 2022 ఏప్రిల్ నుంచి 5,000 చేశారు. 2025లో ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఇంకా పెంచారు. గ్రీన్ ట్యాక్స్ వేరే.

యాభై ఏళ్లు దాటిన కార్లకు ఇంకో దారి ఉంది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాల నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం మారకుండా ఉంటే 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కు 5,000. కానీ ఆ నంబరుతో రోజూ ఆఫీసుకు వెళ్లడానికి లేదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలు కొట్టించుకోవడానికి మాత్రమే రోడ్డెక్కాలి. 1970ల మొదట్లో వచ్చిన కార్లు ఇప్పుడు ఈ వయసుకు చేరాయి. మీ కారును వారానికోసారైనా ఊళ్లో తిప్పుకోవాలని ఉంటే మామూలు రిజిస్ట్రేషనే ఉంచుకోండి. నా అభిప్రాయం అది. ఇక ఢిల్లీ పరిసరాల్లో 15 ఏళ్లు దాటిన పెట్రోల్ కార్లకు నియమాలు వేరే, అక్కడున్న బంధువుల కారైతే ముందే కనుక్కోండి.

ఇప్పుడు కారు మన ఇంటికి వచ్చిందనుకుందాం. తాళం తిప్పి చూద్దామని అందరికీ చేయి లాగుతుంది. వద్దు. బ్యాటరీ పెట్టకండి. ముందు బోనెట్, డిక్కీ, తలుపులు అన్నీ తెరిచి పగటి వెలుతుర్లో కర్రతో కదిపి చూడండి. చెట్టు కింద ఉన్న కారులో తేళ్లు, పాములు ఉండటం మన దగ్గర మామూలే. చేతులకు గ్లోవ్స్, కాళ్లకు బూట్లు ఉండాలి. సీట్ల కింద, హీటు తగలని మూలల్లో ఎలుకల గూళ్లు ఉంటాయి. ఆ దుమ్ము ముక్కులోకి పోకుండా మాస్కు పెట్టుకొని నీళ్లు చిలకరించి తీయండి. కారు కిందికి దూరాల్సి వస్తే ఒక్క జాకీ మీద నమ్మకం పెట్టుకోవద్దు. జాకీ స్టాండ్లు కొనండి, లేదా మందపాటి కర్ర దిమ్మెలు పెట్టండి. ఇటుకలు పెట్టకండి, బరువు పడితే ఇటుక చెప్పకుండా పగిలిపోతుంది. పక్కన ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ ఉండాలి.

ఇంజన్ గురించి. నిలబడిన ఇంజన్‌లో సిలిండర్ మీద మూతల్లాంటి వాల్వుల్లో ఏదో ఒకటి తెరిచి ఉండిపోతుంది. అందులోంచి తేమ దిగి సిలిండర్ గోడకు సన్నటి తుప్పు పడుతుంది, రింగులు దానికి అతుక్కుంటాయి. ఈ స్థితిలో సెల్ఫ్ కొడితే రింగులు విరుగుతాయి. అందుకని నాలుగు ప్లగ్గులూ విప్పి, ఒక్కో సిలిండర్‌లో పల్చటి ఆయిల్ కొద్దిగా పోసి కొన్ని రోజులు వదిలేయండి. మళ్లీ కొంచెం పోయండి. తొందర పడేవాళ్లకు ఇక్కడే ఖర్చు పెరుగుతుంది. తర్వాత క్రాంక్ పుల్లీ నట్టుకు పొడుగు పానా పెట్టి, ఇంజన్ తిరిగే వైపు మెల్లగా ఒత్తిడి ఇవ్వండి. ఒక్క వెంట్రుకవాసి కదిలినా చాలు, మళ్లీ ఆయిల్ పోసి ఆగండి. ఇలా చాలా ఇంజన్లు వదులవుతాయి. పూర్తిగా తిరిగాక పాత ఆయిల్ దింపేసి 20డబ్ల్యూ50 రకం కొత్త ఇంజన్ ఆయిల్ పోసి, వైరింగు సరిచూశాక (దాని గురించి తర్వాత చెబుతాను) బ్యాటరీ పెట్టి, ప్లగ్గులు లేకుండానే సెల్ఫ్‌తో తిప్పండి. డాష్‌బోర్డు మీద ఆయిల్ లైటు ఆరే దాకా. అంటే బేరింగులకు ఆయిల్ చేరిందన్నమాట. అప్పుడు సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తుకుంటోందో చెప్పే కంప్రెషన్ గేజ్ పెట్టి చూడాలి. ఎంత వచ్చింది అన్నదాని కన్నా నాలుగు సిలిండర్లూ ఒకదానికొకటి దగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. ఒకటి తక్కువ వస్తే అందులో ఒక చెంచా ఆయిల్ వేసి మళ్లీ చూడండి. పెరిగితే లోపం రింగుల్లో, పెరగకపోతే వాల్వుల్లో. నిలబడిన ఇంజన్ నాలుగు రోజులు నడిచాక కంప్రెషన్ దానంతటదే మెరుగవుతుంది కూడా. కాబట్టి మొదటి రీడింగు చూసి సిలిండర్లు తొలిపించే బోరింగుకు పరిగెత్తకండి.

ఈ ఇంజన్‌కు సిలిండర్లున్న బ్లాక్ ఇనుము, దాని మీద మూతగా ఉండే హెడ్ అల్యూమినియం. రేడియేటర్‌లో ఒట్టి బోరు నీళ్లు పోసి ఏళ్లు వదిలేస్తే హెడ్‌లో నీటి దారులు తినేస్తుంది. పల్నాడు, నల్గొండ లాంటి గట్టి నీళ్ల ఊళ్లలో అయితే దారుల్లో సున్నం గడ్డకడుతుంది. కారు నడిచాక వేడెక్కుతోందని రేడియేటర్ మారుస్తారు, మళ్లీ వేడెక్కుతుంది. ముందు బ్లాక్ డ్రెయిన్ తీసి, నీళ్లు స్వచ్ఛంగా వచ్చేదాకా రెండువైపుల నుంచీ కడగండి. ఆ తర్వాత కూలెంట్ కలిపిన డిస్టిల్డ్ వాటరే పోయండి. హెడ్ ఒకసారి వేడికి వంగితే లేత్ దగ్గర ఫేసింగ్ చేయించక, అంటే దాని అడుగు సమంగా కోయించక తప్పదు.

ప్లగ్గుల్లో నిప్పు, అంటే స్పార్కు, సంగతి తేలిక. డెల్కో, అంటే ప్లగ్గులకు కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్, మూత తీసి, లోపల కరెంటును కలిపి తెంచే సీబీ పాయింట్ల ముఖం మీద పట్టిన మాసిన పొరను సన్న ఎమరీతో తుడిచి, ఫీలర్ గేజ్‌తో దాదాపు 0.45 మిల్లీమీటర్ల సందు పెట్టండి. కండెన్సర్ కొత్తది వేయండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో నిప్పు పడే వరస, 1-3-4-2. వైర్లు తీసేముందు ఫోన్‌లో ఫొటో తీసుకుంటే ఆ గొడవే లేదు.

పెట్రోలు దగ్గర కాస్త ఆగాలి. ఏళ్లపాటు ట్యాంకులో ఉండిపోయిన పెట్రోలులో తేలికగా మండే భాగం ఆవిరైపోతుంది, మిగిలింది గాలితో కలిసి జిగురవుతుంది. వార్నిష్ వాసన వస్తుంది. ఆ జిగురు, పెట్రోలును గాలితో కలిపే సోలెక్స్ కార్బురేటర్ జెట్లలో, అంటే సన్నటి రంధ్రాల్లో, కూర్చుంటుంది. దాని కింద ట్యాంకు అడుగున నీళ్లు, తుప్పు. అందుకని మొదటిసారి ఇంజన్ నడిపేటప్పుడు కారు ట్యాంకు నుంచి పెట్రోలు ఇవ్వకండి. విడిగా చిన్న డబ్బా, కొత్త గొట్టం, ఫిల్టర్ పెట్టి, ఇంజన్‌కు దూరంగా ఉంచి ఇవ్వండి. ట్యాంకు దించి ఎండలో ఆరబెట్టి, లోపలి తుప్పు తీశాకే మళ్లీ బిగించండి. ఒక హెచ్చరిక. ఖాళీ ట్యాంకులో పెట్రోలు ఆవిరి ఉంటుంది, నిండు ట్యాంకు కన్నా అదే ప్రమాదం. దానికి ఇంటి దగ్గర వెల్డింగ్ ఎవరు పెట్టమన్నా పెట్టనివ్వకండి.

ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం దాకా ఇథనాల్ కలిసిన ఈ20 పెట్రోలు. ఈ కారు పుట్టినప్పుడు అది లేదు. ఇథనాల్ పాత రబ్బరును ఉబ్బిస్తుంది, గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కాబట్టి పెట్రోలు గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకంతో మార్చాలి. పెట్రోలు పంపులోని రబ్బరు పొర, డయాఫ్రమ్, కూడా. పాతవి పైకి బాగానే కనిపిస్తాయి, కొన్ని నెలల్లో మెత్తబడి కారతాయి, వేడి ఇంజన్ మీద కారితే మంటే. ఇంకో తేడా, ఈ పెట్రోలుతో మిశ్రమం కొంచెం పలచబడుతుంది, అంటే గాలి పాలు ఎక్కువవుతుంది. కారు ఎత్తెక్కేటప్పుడు తడబడితే మెయిన్ జెట్ ఒక సైజు పెద్దది వేసి చూడటం మెకానిక్‌లు చేసే పని. కారు నెల పైన నిలబడేట్లుంటే ట్యాంకులో పాత పెట్రోలు ఉంచకండి.

ఇక బ్రేకులు. నా మాటల్లో ఏది మరిచిపోయినా ఇది మరవద్దు. ఇంజన్ మోగగానే ఇంట్లో అందరికీ ఆనందం, పిల్లలు ఎక్కి కూర్చుంటారు, 'ఒక్క రౌండ్ వీధి చివరి దాకా' అంటారు. బ్రేకులు విప్పి చూడని కారు గేటు దాటకూడదు. బ్రేక్ ఆయిల్ స్వభావమే తేమను పీల్చుకోవడం. నిలబడిన కారులో ఆ నీరు పైపుల అడుగున, చక్రాల దగ్గర బ్రేకును తోసే వీల్ సిలిండర్లలో చేరి ఇనుమును గుంటలు గుంటలుగా తింటుంది. పిస్టన్ బిగుసుకుంటుంది. పెడల్ తొక్కితే గట్టిగానే ఉంటుంది, మనం బ్రేకు పనిచేస్తోందనుకుంటాం, కానీ నాలుగింట్లో రెండు చక్రాలకు ఒత్తిడి చేరదు. ఇంకా ఘోరం, మొదటి రోజు పనిచేసి రెండో రోజు గట్టిపడిన రబ్బరు కప్పు చిరిగిపోవచ్చు. ఈ కార్లలో బ్రేక్ ఆయిల్‌కు ఉన్నది ఒకటే దారి. ఒక చక్రం దగ్గర కారితే నాలుగూ పోతాయి. ఇప్పటి కార్లలో లాగా రెండో దారి ఉండదు.

అందుకని పెడల్ ఒత్తిడిని అందుకునే మాస్టర్ సిలిండర్, నాలుగు చక్రాల వీల్ సిలిండర్లు, రబ్బరు హోసులు, ఇనప పైపులు అన్నీ విప్పాలి. సిలిండర్ లోపల వేలు పెట్టి తడమండి. గోరుకు గుంట తగిలితే ఆ సిలిండర్ పనికిరాదు, కొత్తదన్నా వేయాలి, లోపల స్లీవ్ (కొత్త గొట్టం) అన్నా వేయించాలి. రుద్ది నున్నగా చేసి కొత్త కప్పులు వేస్తే చాలనే సలహా వినకండి. హోసులు మాత్రం చూడటానికి ఎంత బాగున్నా మార్చేయండి. లోపల ఉబ్బి మూసుకుపోయిన హోసు ఆయిల్‌ను పోనిస్తుంది కానీ వెనక్కి రానివ్వదు, చక్రం పట్టేస్తుంది. డ్రమ్ములోని పాత దుమ్మును గాలితో ఊదవద్దు. పాత బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, ఊపిరితిత్తులకు ప్రమాదం. తడి గుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయండి. అన్నీ బిగించాక పైపుల్లో చిక్కిన గాలి తీసి, ఇంటి ఆవరణలోనే నడక వేగంతో పదే పదే ఆపి చూడండి. హ్యాండ్ బ్రేక్ కేబుల్ కూడా ఆ రోజే సరిచేయండి. ఈ పనిలో మీకు చేయి తిరగకపోతే, అనుభవమున్న మేస్త్రీని ఇంటికి పిలిపించుకొని పక్కన కూర్చోండి. ఇందులో నేర్చుకోవడానికి సిగ్గు అక్కర్లేదు.

టైర్లలో గాలి పట్టినంత మాత్రాన అవి బాగున్నట్టు కాదు. పక్క గోడ మీద చివరి నాలుగు అంకెలు చూడండి. 2314 అంటే 2014లో 23వ వారం. అంత పాత టైరు పూలు అరగకున్నా రబ్బరు ఎండిపోయి ఉంటుంది. ఇంటి ఆవరణలో కారును జరపడానికి ఉంచుకోండి, రోడ్డు మీదికి వద్దు. క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు అతుక్కుపోవడం ఇంకో నిలబడిన రోగం. పెడల్ తొక్కినా గేరు పడదు. భయపడి గేర్ బాక్స్ దించకండి, ఇంజన్ వేడెక్కే దాకా న్యూట్రల్‌లో నడిపి చూస్తే చాలాసార్లు విడివడుతుంది.

వైరింగు విషయంలో ఎలుకలు కొరికినవి కనిపిస్తాయి, కనిపించనివి అసలు సమస్య. ఇన్నేళ్లలో హారన్‌కొకరు, టేప్ రికార్డర్‌కొకరు వైర్లు కలిపి నల్ల టేపు చుట్టి ఉంటారు. బ్యాటరీ పెట్టేముందు ఆ అదనపు వైర్లన్నీ తీసేయండి. తర్వాత మధ్యలో ఫ్యూజ్ ఉన్న వైరుతో ఒక్కో సర్క్యూట్ విడిగా చూడండి. లైట్లు మసకగా వెలిగినా, సెల్ఫ్ బద్ధకంగా తిరిగినా కొత్త మోటారు కొనకముందు బ్యాటరీని బాడీకి కలిపే ఎర్త్ పట్టీ విప్పి తుప్పు గీకి బిగించండి. పాత కారులో కరెంటు జబ్బులు చాలావరకు అక్కడే ఉంటాయి.

ఇప్పుడు తుప్పు. ఇక్కడ ఓపిక ఉన్నవాళ్లకు ఇంటిపనే మేలు, ఎందుకంటే షెడ్డులో ఇంత సమయం ఎవరూ ఇవ్వలేరు. విడిగా ఊడివచ్చే ఇనప భాగాలకు, అంటే బ్రాకెట్లు, బోల్టులు, జాకీ, చక్రాల డిస్కులకు నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు బాగా పనిచేస్తాయి. రాత్రంతా నానబెట్టి బ్రష్‌తో రుద్ది, వెంటనే కడిగి ఆరబెట్టి ప్రైమర్ కొట్టాలి. ఆలస్యం చేస్తే ఆ పూటే మళ్లీ ఎర్రబడుతుంది. పంచదార ఫ్యాక్టరీ మొలాసిస్ దొరికే చోట ఇంకా మంచిది. ఒక వంతు మొలాసిస్‌కు తొమ్మిది వంతుల నీళ్లు కలిపి వారం పది రోజులు ముంచితే తుప్పును మాత్రమే తిని మంచి ఇనుమును వదిలేస్తుంది. వాసన భరించాలి, చీమల నుంచి కాపాడాలి. అల్యూమినియం భాగాలు అందులో వేయకండి. చాకలి సోడా నీళ్లలో బ్యాటరీ చార్జర్‌తో తుప్పు తీసే పద్ధతి కూడా ఉంది, దాన్లో హైడ్రోజన్ వస్తుంది కాబట్టి ఆరుబయటే చేయాలి, స్టెయిన్‌లెస్ స్టీలు ముక్కను మాత్రం వాడకూడదు, విషపు క్రోమియం వస్తుంది.

బాడీలో చిల్లులు పడిన చోట టింకరింగ్ (రేకు కోసి అతికే పని) తప్పదు. ఇంటికి వచ్చి చేసే మంచి టింకర్‌లు ఇంకా ఉన్నారు. వాళ్లతో పని చేయించుకునేటప్పుడు రెండు షరతులు పెట్టండి. ఒకటి, కుళ్లిన రేకు మీద కొత్త రేకు అతికించకూడదు. గట్టి రేకు వచ్చేదాకా కోసి తీసేసి అక్కడ కొత్తది కలపాలి. పైన అతికిస్తే మధ్యలో నీళ్లు చేరి మూడు వానాకాలాలకు మళ్లీ మొదటికొస్తుంది. రెండు, రన్నింగ్ బోర్డులు రెండూ ఒకేసారి కోయకూడదు. కారును సమంగా నిలబెట్టి, తలుపులు మూసి ఉంచి, ఒకవైపు పూర్తయ్యాకే రెండోవైపు. లేకపోతే బాడీ వంగిపోయి తలుపులు ఎప్పటికీ సరిగా పడవు. ఫ్లోరుకు 18 గేజ్, పై ప్యానెళ్లకు 20 గేజ్ దగ్గర్లో రేకు సరిపోతుంది. గ్యాస్ వెల్డింగ్ వేడికి పల్చటి రేకు ముడతపడుతుంది కాబట్టి సీఓటూ వెల్డింగ్ ఉన్నవాళ్లను చూసుకోండి. వెల్డింగ్ ముందు బ్యాటరీ తీసేయాలి, పెట్రోలు ట్యాంకు బయట ఉండాలి. అయ్యాక రెడాక్సైడ్ ఒక్కటే కొట్టి వదిలేయవద్దు, అది తేమను ఆపదు. ఎపాక్సీ ప్రైమర్ కొట్టండి. తలుపుల అడుగున, ఫ్లోరులో నీళ్లు పోవడానికి చిన్న చిల్లులుంటాయి. అవి మూసుకుపోవడం వల్లే సగం తుప్పు వచ్చింది, వాటిని తెరిచి ఉంచండి.

రంగు గురించి తక్కువే చెబుతాను. ఈ రోజుల్లో వేసే టూకే (రెండు భాగాలు కలిపి వేసే) రంగుల్లో ఐసోసయనేట్లనే రసాయనాలు ఉంటాయి, మామూలు మాస్కుతో ఇంట్లో స్ప్రే చేస్తే ఆస్తమా రావచ్చు. అది బూత్ ఉన్నవాళ్లకు వదిలేయండి. పాత రంగు కొంత నిలిచి ఉంటే దాన్ని కాపాడుకోండి. డ్యాష్‌బోర్డు కింద, డిక్కీ లోపల ఆనాటి రంగు బయటపడుతుంది, కొత్త రంగు దానికి కలపండి. మెరిసే అల్లాయ్ చక్రాలు, ఇప్పటి స్టీరింగు పెట్టకండి. పెట్టాలని పిల్లలు పట్టుబడితే పాతవి మూటకట్టి దాచండి. ఆ కారును చేసిన మనుషుల చేతిపని ఆ చిన్న చిన్న భాగాల్లో ఉంది. అది మన చేతుల మీదుగా పోకూడదన్నది నా ఆరాటం.

స్పేర్ పార్టులు ఎక్కడ దొరుకుతాయని అందరూ అడుగుతారు. విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణీగంజ్, హైదరాబాద్ పుత్లీబౌలి, చెన్నై పుదుపేట, ముంబై కుర్లా. ఫోన్‌లో అడిగితే లేదంటారు, పాత పార్టు చేత్తో పట్టుకెళ్లి బల్ల మీద పెడితే లోపలికెళ్లి తెస్తారు. ఇంతకాలం ఈ పార్టులు దొరకడానికి పెద్ద కారణం ముంబై నలుపు పసుపు టాక్సీలని నా నమ్మకం. రోజూ తిరిగే బండ్లకు రోజూ సామాను కావాలి కదా. ఆఖరి పద్మిని టాక్సీ 2003 అక్టోబరు 29న రిజిస్టరైంది. ఇరవై ఏళ్ల గడువు ముగిసి 2023 అక్టోబరు చివర్లో ఆ టాక్సీల కాలం అయిపోయింది. ఇక ముందు ఈ సామాను తగ్గుతుంది. కాబట్టి బ్రేక్ కప్పులు, వాటర్ పంపు కిట్, హెడ్ గాస్కెట్, డెల్కో మూత ఇప్పుడే ఒక జత అదనంగా తెచ్చి పెట్టుకోండి. ఒక్క సంగతి, బ్రేక్ కప్పుల్లాంటి రబ్బరు సామాను ఆ ఒక్క జతకు మించి కొనకండి, అది బీరువాలో ఉన్నా ముసలిదవుతుంది.

పార్టుల కన్నా ముందు అయిపోతున్నది ఇంకోటుంది. కార్బురేటర్ చెవితో ట్యూన్ చేసే మేస్త్రీలు. వాళ్ల పిల్లలు ఈ పనిలోకి రావడం లేదు, రమ్మనడానికి మనకు హక్కు కూడా లేదు. కానీ ఆయన పని చేస్తున్నప్పుడు మీరు ఫోన్ పట్టుకొని వీడియో తీయండి, ఎందుకలా తిప్పారని అడగండి, పుస్తకంలో రాసుకోండి. అడిగితే చెప్పని మేస్త్రీని నేను చూడలేదు.

ప్రశ్నలేమైనా ఉన్నాయా? బాబూ, నువ్వడుగు.

(సభలో ఒక యువకుడు: "సార్, మా తాతగారి ఫియట్ పదేళ్లుగా షెడ్డులో ఉంది. నాకు పని రాదు. ఎక్కడ మొదలుపెట్టాలి?")

మంచి ప్రశ్న. తాతగారు ఉన్నారా? ఉన్నారు, సంతోషం. అయితే ఇంటికి వెళ్లగానే కారు దగ్గరికి కాకుండా ముందు ఆయన దగ్గరికి వెళ్లు. ఎందుకు ఆపేశారో అడుగు. బ్రేక్ పోయి ఆపారా, వేడెక్కి ఆపారా, కళ్లు కనబడక ఆపారా. నడుస్తున్న కారును ఆపి పెట్టారంటే నీ పని సగం తేలిక. ఏ మెకానిక్ చూసేవాడో, తాళంచెవులు, ఆర్‌సీ, పాత బిల్లులు ఎక్కడున్నాయో కనుక్కో. ఈ నెలలో కారును కడిగి, ఎలుకల గూళ్లు తీసి, ప్లగ్గులు విప్పి సిలిండర్లలో ఆయిల్ పోసి పెట్టు. ఫొటోలు తీయి. వచ్చే నెల ఇంజన్ చేత్తో తిప్పి చూద్దాం. మన గుంపులో ఎవరో ఒకరం వస్తాం.

(ఒక మహిళ: "ఎంత ఖర్చవుతుందండీ?")

అమ్మా, అంకె చెబితే తప్పుదోవ పట్టించినట్టవుతుంది, బాడీ ఎంత కుళ్లిందన్నదాన్ని బట్టి అది మారిపోతుంది. ఒక్కటి మాత్రం చెప్పగలను. చాలా సందర్భాల్లో అమ్మితే పెట్టిన డబ్బు తిరిగి రాదు, దాన్ని పెట్టుబడి అనుకొని మొదలుపెట్టవద్దు. నెలకింత అని ఇంట్లో ఒప్పందం చేసుకొని, ఆ నెల డబ్బయిపోతే పని ఆపేయండి. బ్రేకులకు మాత్రం ఎప్పుడూ తగ్గించకండి.

సరే, బయట వరండాలో బల్ల మీద ఒక సోలెక్స్ కార్బురేటర్, గుంటలు పడిన వీల్ సిలిండర్ ఒకటి, బాగున్నది ఒకటి పెట్టాం. మేస్త్రీ గారు కార్బురేటర్ విప్పి మళ్లీ బిగించి చూపిస్తారు. ఆ రెండు సిలిండర్లలో వేలు పెట్టి తేడా తడిమి చూడండి. పిల్లల్ని ముందు నిలబడనివ్వండి.